గొడుగు ఒకటే... గుణం ఊరిది!

పుట్టగొడుగుల పెంపకంలో విత్తనం ఏ రకమో అడగకపోతే పెట్టుబడి బూజుపాలు

బొబ్బిలి: తొలకరి పడి నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, ఈ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారకముందే ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలు పట్టుకుని గట్ల వెంట బయలుదేరతారు. ఎవరు ముందు వెళితే వారికి గొడుగులు. ఏ పుట్ట మీద ఏ కార్తెలో లేస్తాయో, ఏ మామిడితోట మూల గుంపుగా వస్తాయో కొన్ని ఇళ్లవారికి తాతల నాటి నుంచీ తెలుసు. ఆ చోటు మాత్రం చుట్టాలకైనా చెప్పరు. కూరకు సరిపడా దొరికితే ఇంటికి, మిగిలితే ఆకులో చుట్టి సంతకు. ఆ రోజు ఆ వీధిలో చేపల బుట్టకు కూడా గిరాకీ తగ్గుతుంది.

ఇది పుట్ట మీది గొడుగు సంగతి. దానికి తోడు ఇప్పుడు ఇంటి వెనక పాకలో, పాలిథిన్ సంచుల్లో వరిగడ్డి కుక్కి పెంచే గొడుగులు కూడా జిల్లాలో కనబడుతున్నాయి. పెద్ద పొలం అక్కరలేదు. గడ్డి మన దగ్గర వుంది. నీడ వుంటే చాలు. అందుకే సెంటు భూమి లేనివారూ, సంఘాల్లో అప్పు తీసుకున్న మహిళలూ దీనివైపు చూస్తున్నారు. చిక్కు కూడా ఇక్కడే వస్తున్నది.

సంక్రాంతి రోజుల్లో కట్టిన సంచి నిండా తెల్లగా విరగకాసింది కదా అని అదే పేరు విత్తనం తెచ్చి వైశాఖంలో కడితే ఏమవుతుంది? పది రోజులు బాగానే పాకుతుంది. ఆ తరువాత సంచి పసుపు తిరుగుతుంది, నీరు కారుతుంది, పచ్చబూజు ఎక్కుతుంది. గొడుగు మాత్రం రాదు. పెంచినవారు విత్తనం అమ్మినవారిని తిడతారు. అమ్మినవారు గడ్డి సరిగా ఉడకలేదంటారు. పొరుగువారు చేతి వాటం మంచిది కాదంటారు. విత్తనం ఏ రకానిది, అది ఏ దేశపు చలికి అలవాటు పడింది అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి మొదట అడగవలసింది ఆ ప్రశ్నే.

వరిలో ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. సార్వాకు వేసే రకం దాళ్వాకు పనికిరాకపోవచ్చు. చింతపల్లి, లంబసింగి చలిలో కాసే రాజ్మా చిక్కుడు బొబ్బిలి మెరకలో వేస్తే పూత నిలవదు. అరకు కాఫీ మొక్కను తెచ్చి మన చెరువుగట్టున నాటితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కొండ మీద పండే చోడికీ పల్లంలో పండే చోడికీ కాలపరిమితిలో తేడా వుంటుందని తెలిసిన రైతే పుట్టగొడుగు దగ్గరకు వచ్చేసరికి ‘అదేమిటి, బూజే కదా, ఎక్కడైనా ఒకటే’ అనుకుంటాడు. ఆ పొరపాటు వల్లే సంచులు పారబోయవలసి వస్తున్నది.

గొడుగు కాయ మాత్రమే

మనం కోసేది పుట్టగొడుగుకు కాయ వంటిది. అసలు మొక్క అనదగ్గది గడ్డిలోనో, కుళ్లిన కర్రలోనో, మట్టిలోనో తెల్లని సన్నని దారాలుగా పాకి వుంటుంది. అది నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి కంటికి కనబడకుండా బతుకుతుంది. తిండి సరిపోయి, తేమ కుదిరి, వేడి తనకు నచ్చిన మెట్టుకు దిగినప్పుడు మాత్రమే మొగ్గ వేస్తుంది. ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. దారం పాకడానికి కావలసిన వేడి వేరు, మొగ్గ వేయడానికి కావలసిన వేడి వేరు. చాలా రకాల్లో మొగ్గకు కావలసింది తక్కువ వేడి. సంచి తెల్లబడింది కాబట్టి గొడుగు కూడా వస్తుందని ధీమా పడటం అందుకే తగదు.

గొడుగు విచ్చుకున్నాక కింది పొరల నుంచి పొడి రాలుతుంది. అదే దాని విత్తనాల పొడి. ఒక్క గొడుగు నుంచి కోట్లకొద్దీ రాలుతాయి. వాటిలో ఏ రెండూ అచ్చంగా ఒకే తీరు కావు. అన్నదమ్ములకే పోలిక తప్పుతుంది కదా! గాలికి కొట్టుకుపోయి ఎక్కడో పడి, జత కుదిరి, దారమై పాకినవాటిలో ఆ చోటి ఎండకు, చలికి, వానకు తట్టుకున్నవే మళ్లీ గొడుగు వేసి పొడి రాల్చగలుగుతాయి. మిగిలినవి అక్కడితో సరి. ఇలా వేల ఏళ్లు గడిచేసరికి, జాతి ఒకటే అయినా చలిదేశంలో వున్న తెగ గుణం వేరు, ఉక్కదేశంలో వున్న తెగ గుణం వేరు అవుతుంది.

చలిదేశపు గొడుగుకు చలి ఒక గంట వంటిది. వేసవి పోయింది, తడి కాలం వచ్చింది, మంచు ముంచెత్తకముందే పొడి రాల్చుకోవాలి అని ఆ చలి చెబుతుంది. అందుకే అది చలి సోకేదాకా మొగ్గ వేయకుండా ఓపిక పడుతుంది. అదే ఓపిక మన ప్రాంతంలో పట్టిందంటే ఆ గొడుగు వంశం నిలవదు. ఇక్కడ కాలం చెప్పేది చలి కాదు, వాన.

చిప్పగొడుగుల కథ

ఈ సంగతి అన్నిటికంటె స్పష్టంగా కనబడేది మన పాకల్లో పెంచే చిప్ప పుట్టగొడుగులోనే. ఆల్చిప్ప ఆకారంలో వుంటుంది కాబట్టి దానికి ఆ పేరు. శాస్త్రజ్ఞులు దాని కుటుంబాన్ని ప్లూరోటస్ అంటారు.

ఐరోపా అడవుల్లో చిప్పగొడుగు నరికిన చెట్ల మొదళ్ల మీద చలికాలం ముంగిట వస్తుంది. నీలం కలిసిన బూడిద రంగు. మొదటి ప్రపంచ యుద్ధపు కరవు రోజుల్లో, 1917లో, రిచర్డ్ ఫాల్క్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానిని చెట్టు మొదళ్ల మీద పెంచే పద్ధతిని వెల్లడించాడు. ఆ రకానికి 10 నుంచి 18 డిగ్రీల చలి తగిలితేగాని మొగ్గ రాదు.

అమెరికాలోని ఫ్లోరిడా మనవంటి ఉక్క రాష్ట్రం. సముద్రగాలి, తుపానులు కూడా మనకు మల్లేనే. అక్కడ దొరికిన చిప్పగొడుగును జర్మనీకి తీసుకుపోయి పెంచితే వింత కనబడింది. చలి తగలకుండానే, 20 డిగ్రీలు దాటిన వేడిలోనే అది కాసింది. రంగు కూడా తెలుపు. గెర్లిండ్ ఎగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞురాలు దీని మీద చాలాకాలం పనిచేసింది. ఇది వేరే జాతేమోనని అనుమానం. చలిదేశపు చిప్పగొడుగుతో జత కలిపి చూస్తే కలిసింది, సంతానం నిలిచింది. అంటే రెండూ ఒకే ఇంటివే. ఒకటి చలికి కాపురం పోయింది, ఒకటి ఉక్కకు. మన సంచుల మీద ‘ఫ్లోరిడా’ అని రాసి వుండేది ఆ రెండవదే. పేరు చూసి అమెరికా సరుకు అని మురిసిపోనక్కరలేదు గాని, అది ఉక్క ఊరిదని గుర్తుంచుకోవడం మంచిది.

అయితే ఫ్లోరిడా రకం కూడా సుఖంగా కాసేది 20 నుంచి 25 డిగ్రీల మధ్య. బొబ్బిలిలో అటువంటి రోజులు కార్తీకం నుంచి మాఘం దాకా వుంటాయి. చైత్ర, వైశాఖాల్లో 40 డిగ్రీలు దాటే రోజులు వచ్చినప్పుడు పాకలో గోనెలు తడిపి కట్టినా, నేల మీద ఇసుక పోసి నీళ్లు చల్లినా దానిని మెప్పించడం కష్టం.

మన దేశపు చిప్పగొడుగు కూడా ఒకటి వుంది. హిమాలయాల దిగువ కొండల్లో జెముడు చెట్ల మీద దొరికిన రకం అది. మన కంచెల్లోని బొమ్మజెముడుకు ఆ చెట్టు దగ్గరి చుట్టమే. సి.ఎల్. జాండయిక్, జె.ఎన్. కపూర్ అనే శాస్త్రజ్ఞులు 1974లో దాని పెంపకం పద్ధతిని ప్రకటించారు. ‘సాజర్ కాజు’ అనే పేరుతో అది దేశమంతా పాకింది. ఫ్లోరిడా కంటె వేడికి కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. తరువాత పరిశీలించి చూస్తే ఆ పేరే దానిది కాదని తేలింది. అసలు సాజర్ కాజు వేరే వుంది, మన సంచుల్లోది ‘పల్మొనేరియస్’ అనే జాతికి చెందింది. ఊళ్లో ఒకరి ఇంటి పేరు మరొకరికి తగిలించి పిలిచినట్టయింది. విత్తనం అమ్మేవారు మాత్రం ఈనాటికీ పాత పేరే వాడుతున్నారు. రైతు కూడా ఆ పేరుతోనే అడగాలి, లేకపోతే దొరకదు.

గులాబీ రంగు చిప్పగొడుగు మరొకటి. ఉష్ణదేశాలదే. 30 డిగ్రీల దగ్గర కూడా కాస్తుంది. కాని కోసిన సాయంత్రానికే వాడిపోతుంది కాబట్టి దూరం బజారుకు పనికిరాదు.

రకమా, రోజుల మహిమా?

ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం. ఒకే విత్తనం డిసెంబరులో ముదురు రంగు గొడుగులిచ్చింది, మార్చిలో పాలిపోయిన గొడుగులిచ్చింది. అమ్మినవారు విత్తనం మార్చారా? మార్చి వుండకపోవచ్చు. బూడిద రంగు చిప్పగొడుగులు చలిలో, వెలుతురులో ముదురు రంగు తేలుతాయి, వేడిలో రంగు తగ్గుతాయి. అలాగే కాడ పొడుగై, టోపీ చిన్నదై బాకా ఆకారంలో వస్తే అది రకం లోపం కాదు. పాకలో గాలి ఆడటం లేదని అర్థం. గొడుగు కూడా మనలాగే ఊపిరి వదులుతుంది. ఆ వదిలిన గాలి నిలవ వుంటే మెడ సాగదీసి వెతుక్కుంటుంది.

మరి రకం తేడా అని ఎలా తెలుసుకోవడం? శాస్త్రజ్ఞులు చేసే పని పెద్ద విద్యేమీ కాదు, ఏ రైతైనా చేయగలిగిందే. రెండు చోట్ల నుంచి తెచ్చిన విత్తనాలను ఒకే పాకలో, ఒకే గడ్డి మీద, ఒకే రోజున పెడతారు. నీరు, గాలి, వెలుతురు సమానం. అప్పటికీ ఒకటి కాసి ఒకటి కాయకపోతే అది విత్తనంలోని గుణం. ఒకే విత్తనాన్ని రెండుగా పంచి ఒక భాగం బొబ్బిలి పాకలో, మరో భాగం అరకు కొండ మీద పెడితే వచ్చే తేడా ఆ చోటి మహిమ. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తేగాని ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది ఊరి గాలితో వచ్చిందో తేలదు. మన దగ్గర ఈ పరీక్షకు ప్రకృతే పాక కట్టి ఇచ్చింది. ఒకవైపు బొబ్బిలి, పార్వతీపురం పల్లం. కొండలెక్కితే అరకు, చింతపల్లి. అక్కడ చలికాలం రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగుతాయి. ఒకే రోజున ఇక్కడ ఒక రకానికి, అక్కడ మరొక రకానికి కాపు కాలం.

ఎడారిలో దొరికిన బటన్

పట్నం హోటళ్లలో వడ్డించే తెల్లని గుండ్రని బటన్ పుట్టగొడుగు సంగతి కూడా చెప్పుకోవాలి. అది కాయడానికి 14 నుంచి 18 డిగ్రీలు కావాలి. మన దేశంలో దాని పెంపకం 1961లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో మొదలైంది. సోలన్ ఎత్తు సముద్రమట్టానికి 1500 మీటర్ల పైనే. పుట్టగొడుగుల జాతీయ పరిశోధన కేంద్రాన్ని కూడా 1983లో అక్కడే పెట్టారు. బొబ్బిలిలో బటన్ పెంచాలంటే చల్లని గది, కరెంటు బిల్లు తప్పవు. పేదవాడి పంట కాదది.

ప్రపంచమంతటా పెంచే బటన్ రకాలు అన్నీ దగ్గరి చుట్టాలు. ఐరోపా చలికి అలవాటు పడ్డవే. ఒకే వంశంలో పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే ఏమవుతుందో అదే భయం శాస్త్రజ్ఞులకు పట్టుకుంది. అడవి రకాల కోసం వెతుకులాట మొదలైంది. అమెరికాకు చెందిన రిచర్డ్ కెరిగన్ ఈ వెతుకులాటకు పెద్ద దిక్కు. కాలిఫోర్నియాలోని సొనోరా ఎడారిలో ఎవరూ ఊహించని చోట బటన్ గొడుగు దొరికింది. మన సర్కారు తుమ్మకు చుట్టమైన ముళ్ల చెట్ల కింద!

మామూలు బటన్ గొడుగు కింద ఒక్కో పిడి మీద రెండు గింజలుంటాయి. ఆ గింజకు వేరే జత అక్కరలేదు, తనంతట తానే వంశం నిలుపుకుంటుంది. ఎడారి రకానికి పిడికి నాలుగు గింజలు. ప్రతి గింజా జత వెతుక్కోవాలి. అందుకని దాని సంతానంలో వైవిధ్యం ఎక్కువ. అంతకంటె ముఖ్యం, అది 25 డిగ్రీల వేడిలో కూడా కాస్తుంది. 1993లో దీనికి ‘బర్నెటియై’ అని పేరు పెట్టారు. ఫ్రాన్స్‌లోని బోర్డో శాస్త్రజ్ఞులు దీనిని పెంపుడు రకంతో జత కలిపి, వేడికి ఓర్చుకునే గుణం పిల్లలకు ఎలా దిగుతుందో చూస్తూ వచ్చారు. చల్లని గదికి అయ్యే ఖర్చు తగ్గించగలిగితే అది మనవంటి ప్రాంతాలవారికి ఎంత మేలో వేరే చెప్పాలా? పేరులేని అడవి గొడుగును కూడా భద్రపరచాలని వారు అనేది ఇందుకే. చెట్టు కొట్టేస్తే దానిని నమ్ముకున్న గొడుగు కూడా పోతుంది. దానిలో ఏ గుణం దాగి వుందో ఎవరికి తెలుసు?

మన గడ్డిలోనే వున్న పంట

చలిదేశపు గొడుగుల వెంట పడేముందు మన గడ్డివాము వైపు ఒకసారి చూడాలి. వానాకాలంలో తడిసిన పాత గడ్డి అంచున గుడ్డు ఆకారంలో ముదురు బూడిద రంగు మొగ్గలు లేస్తాయి. అదే వరిగడ్డి పుట్టగొడుగు. ఆగ్నేయాసియా అంతటా, చైనాలోనూ తరతరాలుగా పెంచుతున్నారు. మన దేశంలో దాని పెంపకాన్ని మొదట ప్రయత్నించింది 1940లో, కోయంబత్తూరులో. బొబ్బిలి కూడా అప్పుడు ఆ మద్రాసు రాజధాని కిందే వుండేది. కె.ఎం. థామస్, ఆయన సహచరులు ఆ పని చేశారు.

దీనికి కావలసింది 28 నుంచి 35 డిగ్రీల వేడి, ఉక్క. అంటే జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా మన ఊళ్లో ఎలా వుంటుందో సరిగ్గా అదే. విత్తనం వేసిన రెండు వారాల లోపే మొగ్గ చూడవచ్చు. రుచికి దీనిని మించింది లేదని తిన్నవారి మాట. లోపాలూ వున్నాయి. పది కిలోల ఎండుగడ్డికి కిలో, కిలోన్నర కంటె రాదు. అదే గడ్డి మీద చిప్పగొడుగు అయిదారు కిలోలు ఇస్తుంది. గుడ్డుగా వున్నప్పుడే కోయాలి, పూటలో అమ్మాలి.

దీనిని ఉష్ణదేశం ఎంతగా మలచిందంటే, చలి అంటే ప్రాణం పోతుంది. చిప్పగొడుగు విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెట్టి కొన్ని వారాలు నిలవ చేయవచ్చు. వరిగడ్డి గొడుగు విత్తనాన్ని అలా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే దారాలు చచ్చిపోతాయి. పైకి చూస్తే తెల్లగానే వుంటుంది. జాగ్రత్త చేశామనుకుని చేతులారా చంపుకున్నట్టవుతుంది. డబ్బు పెట్టి కొన్న విత్తనం కాబట్టి ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా లాభమే. నీడపట్టున చల్లగా, ఎండ సోకకుండా వుంచి నాలుగు రోజుల్లో వాడేయడం మేలు.

వేసవికి దారి చూపింది పాల పుట్టగొడుగు. పాల వంటి తెలుపు, బలమైన కాడ. ఇది పశ్చిమ బెంగాల్లో దొరికింది. 1974లో పూర్కాయస్థ, చంద్ర అనే శాస్త్రజ్ఞులు పెంచి చూపారు. చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం అరుప్పుకోట్టై నుంచి ఎ.పి.కె.-2 అనే రకాన్ని విడుదల చేశాక ఊపు వచ్చింది. అరుప్పుకోట్టై ఎండలకు పేరుపడ్డ చోటు. అక్కడ నిలిచింది మన దగ్గర నిలవకపోతుందా! 30 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా కాస్తుంది. దారం పాకాక సంచి మీద అంగుళం లోపు మందాన ఉడికించిన మట్టి పరవాలి, అది ఒక్కటే అదనపు పని. కోసిన గొడుగు రెండు మూడు రోజులు చెడకుండా వుంటుంది. బొబ్బిలి నుంచి విజయనగరం, విశాఖ బజారుకు పంపాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

పుట్టలోని రైతులు

ఇక సంతలో అన్నిటికంటె ధర పలికే పుట్ట మీది గొడుగు. దానిని మాత్రం మనిషి పెంచలేకపోయాడు. పెంచేవి చెదపురుగులు. పుట్ట లోపల అవి నమిలిన ఆకూ పుల్లా స్పాంజిలాగా పేర్చి, దాని మీద ఈ బూజును సాగు చేస్తాయి. ఆ బూజే వాటికి తిండి. బయట ఎండ కాల్చినా, వాన ముంచినా పుట్ట గర్భంలో వేడి 30 డిగ్రీలకు అటూ ఇటూగా నిలకడగా వుంటుంది, తేమ తగ్గదు. బయటి వాతావరణం మీద ఆధారపడని పాక కట్టుకోవడం చెదపురుగుకు ఏనాటి నుంచో వచ్చిన విద్య. 1942లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ ఈ గొడుగులకు ‘టెర్మిటోమైసిస్’ అని పేరు పెట్టాడు. చెదల గొడుగు అని అర్థం.

లోపల వాతావరణం ఎంత నిలకడైనా గొడుగు పైకి లేచే రోజును నిర్ణయించేది మాత్రం వానే. ఉసిళ్లు ఎగిరి, నేల నాని, ముసురు పట్టాక పుట్ట పగులగొట్టుకుని కాడ పైకి వస్తుంది. సాలూరు, మక్కువ వైపు కొండవార వాన ముందు పడితే అక్కడ ముందు, మన వైపు ఆలస్యమైతే ఇక్కడ ఆలస్యం. జాతులు కూడా ఒకటి కావు. గోరంత టోపీతో చాప పరచినట్టు లేచేవి వున్నాయి, అరచేయంతవి వున్నాయి. ఆఫ్రికాలోని జాంబియాలో అయితే దాదాపు మీటరు వెడల్పుకు విచ్చుకునే గొడుగు వుంది. ఒక్కటి కోస్తే వీధి అంతటికీ కూర.

పుట్ట తవ్వి గొడుగు కోసేవారు కొందరున్నారు. మరుసటి ఏడు అక్కడ ఏమీ వుండదు. కాడ మెలితిప్పి తీసుకుంటే పుట్టకు నష్టం లేదు.

పోలిక చూసి మోసపోవద్దు

ఊరు మారితే గొడుగు గుణం మారుతుందనే మాటలో ప్రాణాపాయం కూడా దాగి వుంది. 2012 కొత్త సంవత్సరం రోజుల్లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో గొడుగుల కూర తిని ఇద్దరు చనిపోయారు. చైనా నుంచి వచ్చినవారు తమ దేశంలో తినే వరిగడ్డి గొడుగే అనుకుని ఓక్ చెట్ల దగ్గర పెరిగే మరణటోపీ అనే విషపు గొడుగును కోసుకున్నారు. మొగ్గ దశలో రెండూ గుడ్డు ఆకారమే. మన జిల్లా నుంచి పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియాల్లో వున్న ఇళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో వున్నాయి. ఇంటి దగ్గర తిన్న గొడుగులాగే వుందని అక్కడి పార్కులో కోయవద్దని పెద్దవాళ్లే ఫోనులో ఒక మాట చెప్పాలి.

మన దగ్గర కూడా వానల్లో పచ్చిక మీద వలయాలుగా లేచే పెద్ద తెల్లని గొడుగు ఒకటుంది. ముదిరితే కింది పొరలు పచ్చరంగుకు తిరుగుతాయి. తిన్న కొద్ది గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వెండి కాసు నల్లబడకపోతే మంచిదనీ, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుందనీ చెప్పే మాటలు నమ్మదగినవి కావు. మరణటోపీ విషం ఉడికించినా పోదు. పైగా ఆరు గంటల నుంచి పన్నెండు గంటల దాకా ఏమీ తెలియనివ్వకుండా తరువాత కాలేయాన్ని పట్టుకుంటుంది. అనుమానం వస్తే వంటలో మిగిలిన ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని ఆసుపత్రికి వెంట తీసుకుపోవాలి.

ఏ నెలకు ఏది?

బొబ్బిలి పల్లానికి లెక్క వేసుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫ్లోరిడా, సాజర్ కాజు చిప్పగొడుగులు. ఫిబ్రవరి చివర కట్టిన సంచి రెండవ కాపు మార్చి ఎండల్లో పడుతుంది కాబట్టి సంక్రాంతి దాటాక కొత్త సంచులు తగ్గించుకోవడం మంచిది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా పాల గొడుగు. వానలు పడ్డాక వరిగడ్డి గొడుగు. బూడిద రంగు చలిదేశపు చిప్పగొడుగు మనకు వద్దు, అది చింతపల్లి వైపువారికి వదిలిపెట్టాలి.

గడ్డి ఆ ఏటిదై, వాన తగలనిదై వుండాలి. ముక్కలు కోసి రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడి నీటిలో గంటసేపు వుంచి, పిండితే నీటి చుక్క రాలనంతగా ఆరబెట్టాలి. పచ్చబూజు గింజలు చచ్చేది ఆ గంటలోనే. వంటచెరకు ఆదా చేయాలని అరగంటకే దించినవారు తరువాత విచారిస్తారు.

విత్తనం కొనేటప్పుడు పొట్లం మీద రకం పేరు, తయారైన తేదీ రాసి వుందో లేదో చూడాలి. పేరు లేకపోతే అడగాలి. ఎన్ని డిగ్రీల దగ్గర కాస్తుందని అడగాలి. చెప్పలేనివారి దగ్గర కొనకపోతేనే నయం. రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రం వుంది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక ఆ ఊరు ఆ జిల్లాలోకి వెళ్లింది గాని బొబ్బిలి రైతుకు దూరం పెరగలేదు. అనుమానాలు అక్కడ అడగవచ్చు.

పాకలో గోడకు ఒక ఉష్ణమాపకం తగిలించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించుకోవాలి. రెండేళ్లు రాస్తే ఆ పాకకు ఏ నెలలో ఏ రకమో ఎవరినీ అడగనక్కరలేదు. పెంకుటింటి నీడకూ, రేకుల షెడ్డుకూ అయిదారు డిగ్రీల తేడా వుండవచ్చు. పక్క ఊరి లెక్క మన ఊరికి, పక్కవారి పాక లెక్క మన పాకకు సరిపోదు. కాపు అయిపోయిన సంచుల్లోని గడ్డిని పేడకుప్పలో వేస్తే వచ్చే వానాకాలానికి వంగతోటకు ఎరువు అవుతుంది.